ఒక్క గీత కూడా పడలేదని చెప్పాను

ఫోను కవర్ల మీద నాకు చాలా కాలంగా కోపం. ఆ కోపం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఒక కంపెనీ తన ఫోను అద్దం ఎంత గట్టిదో చెబుతూ ఊరంతా ప్రకటనలు పెడుతుంది. ఆ ఫోను కొనడానికి వెళ్ళినవాణ్ణి, ఇంకా పెట్టె విప్పకముందే, అదే కౌంటరు దగ్గర నిలబెట్టి, కవరూ, తెర మీద అంటించే గ్లాసూ వేయించుకోకపోతే మొదటిసారి పడినప్పుడే పోతుందని భయపెడతారు. అంత గట్టిదైతే కవరెందుకు? కవరు తప్పదంటే గట్టిదని ఎందుకు చెప్పారు? ఈ ప్రశ్న నేను మా పాలకొల్లులో ఒక దుకాణంలో నిలబడి నలుగురికీ వినబడేలా అడిగాను. కౌంటరు వెనక మనిషి నన్ను కాసేపు చూసి, "మీ ఇష్టం సార్" అన్నాడు. నేను గెలిచాననుకుని ఫోను జేబులో వేసుకుని బయటికొచ్చాను.

నేను ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్సు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలంగా హేతువాద సభల్లో మాట్లాడుతున్నాను. నిప్పుల మీద నడిచాను. గాల్లోంచి విభూతి తీసి, ఎలా తీశానో అక్కడే విప్పి చూపించాను. జాతకాలు చెప్పేవాళ్ళతో వేదికల మీద గంటలు గంటలు వాదించాను. ఆ వాదనలన్నిటికీ అడుగున ఒకే ఒక్క నియమం ఉండేది. ఎవరైనా మహిమ ఉందంటే, ఫలించిన సంగతులు వినకూడదు, ఫలించనివి ఎన్ని ఉన్నాయో అడగాలి. ఫలించినదాన్ని చాటి, ఫలించనిదాన్ని దాచేవాడు మోసగాడు. ఈ మాట ఎన్ని ఊళ్ళలో, ఎన్ని మైకుల ముందు చెప్పానో.

నా ఫోనుకి కవరు ఉండేది కాదు. సభల్లో దాన్ని పైకెత్తి చూపించడం మెల్లగా అలవాటైంది. దానికో కారణం ఉంది. మా వైపు చాలామంది లోపలిది బయటికి కనబడే మెత్తటి రబ్బరు కవరు కొంటారు. ఆ కవరుకీ ఫోనుకీ మధ్య ఏదో ఒకటి దాచుకుంటారు. అమ్మవారి ఫొటో, కుంకుమ పొట్లం, నెమలీక ముక్క, మొదటి జీతంలో పది రూపాయల నోటు. చర్చికి వెళ్ళేవాళ్ళయితే వాగ్దానం కార్డు. కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో ఒక పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు పెడతారు. ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుంటారు. దాని మీదున్న వాక్యం ఆ ఏడాదంతా ఆ మనిషికి తోడు. పూర్వం దాన్ని బైబిల్లో పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోను వెనక పెట్టుకుంటున్నారు.

ఇవన్నీ చూసి నేనొక మాట తయారుచేశాను. ఫోను కవరంటే ఫోనుకి కట్టిన తాయెత్తు అని. సభలో ఈ మాట అనగానే నవ్వులు వచ్చేవి. నవ్వు వచ్చిన మాటని ఉపన్యాసకుడు వదులుకోడు, అది నిజమో కాదో మళ్ళీ చూడడు.

మా వీధి మొదట్లో ఒక ప్రైవేటు స్కూలుంది. అందులో ఆయాగా పనిచేసే ఆవిడ నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. భర్త లేడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పుట్టుకతో చెవులు వినబడవు. నాకు పరిచయమయ్యే నాటికి పిల్లకి ఆరో ఏడు. అప్పటికే ఆ చెవుల మీద అన్ని మతాలవాళ్ళూ తలో చెయ్యి వేశారు. నూనె రాసి ప్రార్థన చేసినవాళ్ళున్నారు, మెడలో తాయెత్తు కట్టినవాళ్ళున్నారు, నాలిక మీద తేనెతో రాసినవాళ్ళున్నారు. ఏడాది పాటు నేను వాళ్ళింటికి తిరిగాను. వినికిడి పరీక్ష చేయించాను. పిల్లని బధిరుల పాఠశాలలో, హాస్టల్లో చేర్చమన్నాను. ఏడేళ్ళ పిల్లని దూరం పంపడం అంటే పారేసుకోవడమేనని ఆవిడ చుట్టాలు నా మీదికి వచ్చారు. నేను తగ్గలేదు. ఆ పిల్లకి కావలసింది స్వస్థత కాదు, భాష అని వాదించాను.

చివరికి ఆవిడ పంపింది. ఆ విషయంలో నేను చెప్పింది నిజమైంది. పిల్ల చేతులతో మాట్లాడటం నేర్చుకుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా తల్లికి నేర్పింది. రెండేళ్ళకి వాళ్ళిద్దరూ చేతులతో దెబ్బలాడుకోవడం నా కళ్ళారా చూశాను. పిల్ల ఏదో అడుగుతోంది, తల్లి వద్దంటోంది, పిల్ల వేళ్ళు ఇంకా వేగంగా కదులుతున్నాయి. వీధిలో వాళ్ళందరికీ వినబడేంత గొడవ, ఒక్క చప్పుడు లేకుండా. ఆ రోజు ఆవిడ నా వైపు తిరిగి, "మీ మాట వినకపోతే ఇది నాకు మూగదిగానే ఉండిపోయేదండి మాస్టారు" అంది.

అప్పట్నుంచీ ఆవిడకి నా మాట మీద గురి. ఆ గురి నాకు బాగుండేది. నా మాటని పరీక్షించమని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. బాబాల భక్తులకి మాత్రం అదే చెబుతూ తిరిగాను.

ఆదివారం సాయంత్రం అయిదు గంటలకి హాస్టలు వార్డెను తన ఫోనులో పిల్లని తల్లికి చూపిస్తుంది. పావుగంట. ఒకరి తరవాత ఒకరు, పిల్లలందరికీ అలాగే. మామూలు తల్లులు ఫోను చేత్తో పట్టుకుని మాట్లాడతారు. ఈవిడకి రెండు చేతులూ కావాలి. అందుకని ఫోనుని వంటింటి గట్టు మీద కందిపప్పు డబ్బాకి ఆనించి, తను దూరంగా జరిగి నిలబడుతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. చూశాను గాని ఏం చూశానో ఆలోచించలేదు.

ఇక నేను దాచిన సంగతి.

ఆ స్కూల్లో నేనిచ్చిన ఒక ఉపన్యాసానికి మూడు నెలల ముందు కొవ్వూరు స్టేషన్లో రైలు దిగి, సంచీ అందుకోవడానికి వంగాను. చొక్కా జేబులోంచి ఫోను జారి ప్లాట్‌ఫారం మీద పడింది. తీసి చూస్తే అద్దం ఒక మూల నుంచి మరో మూలకి పగిలి ఉంది. వేలు పెడితే గుచ్చుకుంటోంది. చుట్టూ చూశాను. తెలిసినవాళ్ళెవరూ లేరు. అప్పుడు నాకు మొట్టమొదట కలిగింది ఊరట.

కొవ్వూరులో మా సమావేశానికి ఒంట్లో బాగాలేదని కబురు పంపి, ఆటో ఎక్కి బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళాను. పాలకొల్లులోనే బాగుచేయించుకోవచ్చు. కానీ అక్కడ "మీ ఇష్టం సార్" అన్న మనిషి ఉన్నాడు. రాజమండ్రిలో నన్నెవరూ ఎరగని సందులో, ఒక చిన్న కొట్టు ముందు బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. కొట్టతను డిస్ప్లే మార్చాడు. నేను అడక్కుండానే పైన గ్లాసు కూడా అంటించి, "ఇది ఊరికే వేశానండి, ఈసారి పడినా పైదే పోద్ది" అన్నాడు. వద్దనాలి. వద్దనలేదు. దారిలో పీకేద్దామనుకున్నాను. పీకలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని, అంచు తడిమి, "ఏంటండి, తాయెత్తు కట్టించుకొచ్చారా" అంది. ఆవిడ ఆఫీసులో ఫైళ్ళు చూసి చూసి రిటైరైన మనిషి. అతికించిన కాగితం ఎక్కడున్నా ఆవిడ చేతికి తెలుస్తుంది. ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాను. నాకు నేను మాత్రం చెప్పుకున్నాను. అంత ఎత్తు నుంచి రాతి మీద పడితే ఏ ఫోనైనా పగులుతుంది, అది లెక్కలోకి రాదు అని. జాతకం తప్పినప్పుడు జ్యోతిష్కుడు చెప్పేది కూడా ఇదే, పుట్టిన సమయం సరిగ్గా చెప్పలేదు, అది లెక్కలోకి రాదు. ఆ సాకుని నేను వందసార్లు వేదిక మీద చీల్చి చెండాడాను. నా నోట్లోంచి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.

స్కూల్లో సైన్సు దినోత్సవం జరుపుతూ నన్ను పిలిచారు. పిల్లలు, టీచర్లు, కొందరు తల్లులు. నేను మూఢనమ్మకాల గురించి మొదలుపెట్టి, మామూలుగా ఫోను దగ్గరికి వచ్చాను. పైకెత్తి చూపించాను. గ్లాసు అంటించిన సంగతి దూరానికి కనబడదు. "నాలుగేళ్ళు. కవరు లేదు. ఒక్క గీత కూడా పడలేదు" అన్నాను.

నోరు తడబడలేదు. అంత సులువుగా అబద్ధం చెప్పగలనని నాకు తెలియదు.

అక్కడితో ఆగినా సరిపోయేది. తలుపు దగ్గర టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఆవిడ, ఆ పిల్ల తల్లి, నిలబడి ఉంది. తెలిసిన మనిషి, నా మాట వినే మనిషి. ఉపన్యాసకుడికి అలాంటివాళ్ళే కావాలి. ఫోను తెమ్మన్నాను. పళ్ళెం కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని తెచ్చింది. వెనక కవరులో వాగ్దానం కార్డు. ఇదేంటమ్మా అని అడిగాను. కొత్త సంవత్సరం నాడు వచ్చిందని చెప్పింది. ఇది ఉంటే ఫోను పగలదా అన్నాను. పిల్లలు నవ్వారు.

"దానికోసం కాదండి. అది చూసుకోడానికండి."

"మరి కవరెందుకమ్మా?"

"మాటిమాటికీ పడిపోద్దండి. పాపతో మాట్లాడేటప్పుడు ఆనించి పెడతాను కదండి, జారి..."

నేను పూర్తి చేయనివ్వలేదు. "పడిపోయేది ఫోను కాదమ్మా, మన ధైర్యం" అన్నాను. చప్పట్లు.

ఆ వాక్యం ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఆవిడ నాకు సాక్ష్యం ఇస్తోంది. ఏ పరిస్థితిలో, ఎలా పడుతుందో, ఎందుకు పడుతుందో తన అనుభవం చెబుతోంది. ఆ గదిలో శాస్త్రీయంగా మాట్లాడింది ఆవిడ ఒక్కతే. నేను ఆ మాటని మధ్యలో కోసి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. "మాస్టారు చెప్పారంటే సరేనండి" అని కవరు ఊడదీసింది. కార్డుని చిన్న పర్సులో పెట్టుకుంది. కవరుని నేను తీసుకుని హెడ్మాస్టరు గారి బల్ల పక్కనున్న చెత్తబుట్టలో వేశాను.

ఆ సాయంత్రం ఇదంతా ఇంట్లో ఉత్సాహంగా చెప్పాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అంతా విని, "మీరు ఏటా పిల్లల చేత దుప్పటి పట్టించి కోడిగుడ్డు విసిరేవారు కదండి" అంది. అవును, విసిరేవాణ్ణి. గోడకి విసిరిన గుడ్డు పగులుతుంది, వదులుగా పట్టుకున్న దుప్పటిలోకి విసిరిన గుడ్డు పగలదు. ఆగడానికి పట్టే సమయం పెరిగితే తగిలే బలం తగ్గుతుంది. నా పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అది.

"ఆ దుప్పటికి ఏ మంత్రం వేసేవారండి?"

నాకు కోపం వచ్చింది. వాణిజ్యం, భయం, వినియోగదారుడు అంటూ ఏదేదో మాట్లాడాను. ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా తప్పు ఎక్కడుందో ఆవిడ ఒక్క ప్రశ్నలో పట్టుకుంది. కార్డుని నేను నమ్మను, సరే. కార్డు ఏ పనీ చెయ్యదు, సరే. కానీ కార్డు చుట్టూ ఉన్న రబ్బరు పనిచేస్తుంది. అది నమ్మకం కాదు, నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం. రెండూ ఒకేచోట ఉన్నాయని రెండిటినీ కలిపి బుట్టలో వేశాను. మా హేతువాదులకే సాధ్యమైన తెలివితక్కువతనం ఇది. దేవుడి పక్కన కనబడిన ప్రతి వస్తువునీ అనుమానించడం.

తరవాతి రెండు ఆదివారాలు ఏమీ జరగలేదు. మూడో ఆదివారం జరిగింది. నాకు ఇది తరవాత తెలిసింది, ఆ సాయంత్రం నేను రాజమండ్రిలో ఇంకో సభలో మాట్లాడుతున్నాను. కూతురు హాస్టల్లో జరిగిన ఏదో ఆట గురించి చెబుతోంది. తల్లి నవ్వుతూ చేతులు ఊపింది. గట్టు అదిరిందో, కవరు లేని ఫోను నున్నగా ఉండి డబ్బా మీద నుంచి జారిందో, గచ్చు మీద పడింది. తెర నల్లబడి మళ్ళీ వెలగలేదు.

ఇటువైపు పగిలింది ఒక ఫోను. అటువైపు ఆ పిల్లకి కనబడింది వేరు. మాట్లాడుతున్న అమ్మ ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయింది, ఇంటి కప్పు కనబడింది, తరవాత ఏమీ లేదు. వినబడే పిల్లయితే "అయ్యో ఫోను పడిపోయిందే" అన్న మాట చెవిన పడేది. ఈ పిల్లకి అమ్మ మాట అంటే అమ్మ కనబడటమే.

ఆవిడ పక్కింటివాళ్ళ చిన్న ఫోనులోంచి వార్డెనుకి చేసి సంగతి చెప్పింది. వార్డెను పిల్లకి వివరించింది. పిల్ల నమ్మలేదు. అమ్మని చూపించమంది. అంతకుముందు ఒకసారి తల్లి డెంగ్యూతో ఆస్పత్రిలో ఉంటే, బాగానే ఉందని అందరూ ఇలాగే చెప్పారట. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆవిడ మా ఇంటికి వచ్చింది, నేను లేను. మా ఆవిడ కూడా ఊళ్ళో లేదు. స్కూల్లో టీచర్లెవరి ఇళ్ళూ దగ్గర్లో లేవు.

సోమవారం పొద్దున్నే వచ్చింది. నేనింకా పేపరు చదువుతున్నాను.

"మాస్టారండి, మీ ఫోను ఒక్క అయిదు నిమిషాలు ఇస్తారా. పాపకి కనబడాలండి."

ఫోను పగిలిందని అప్పుడే తెలిసింది. వార్డెనుకి వీడియో కాల్ కలిపి బల్ల మీద మంచినీళ్ళ సీసాకి ఆనించాను. జారింది. పుస్తకానికి ఆనించాను. జారింది. చివరికి నేనే రెండు చేతులతో పట్టుకుని, మెడ వంచి తెర చూస్తూ నిలబడ్డాను. పిల్ల తెరలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లిని పైనుంచి కిందకి చూసింది, చుట్టూ తిరగమంది. ఆవిడ చుట్టూ తిరిగి చూపించింది. చేతులు చాపి వేళ్ళన్నీ ఆడించి చూపించింది. అప్పుడు పిల్ల మొహం సడలింది. వెంటనే ప్రశ్నల వాన. మధ్యలో ఒక చూపుడువేలు గాల్లోకి లేచి మూడుసార్లు ఊగింది. అది నా పేరని నాకు తెలుసు, ఆ పిల్లే పెట్టింది.

ఏమంటోందని అడిగాను. ఆవిడ మొహమాటపడింది. మళ్ళీ అడిగితే చెప్పింది.

"కవరు తీసేసిన మాస్టారు ఈయనేనా అంటోందండి."

చేతుల్లో ఫోను బరువు అప్పుడు తెలిసింది.

కాల్ అయ్యాక ఆవిడ ఫోనుని నా చేతుల్లోంచి తీసుకుని, కొంగుతో తుడిచి ఇస్తూ ఆగింది. బొటనవేలు అంచు మీద ఉంది. "గ్లాసు వేయించారాండి? ఎప్పుడండి?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను "ఈమధ్యేనమ్మా" అన్నాను. ఆవిడ తన ఫోను పగిలాక నేను జాగ్రత్తపడ్డానని అనుకుంటుందని తెలిసే అన్నాను. నిన్న పగిలిన సంగతి నాకు ఇప్పుడే తెలిసిందని ఆవిడకి తెలుసు, అయినా ఆ లెక్క ఆవిడ చూడలేదు. నా మాటలకి లెక్కలు చూసే అలవాటు ఆవిడకి లేదు. "మంచి పని చేశారండి" అని స్కూలుకి వెళ్ళిపోయింది.

ఆవిడది పాత మోడలు. డిస్ప్లే దొరకడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. వద్దంది. "మీరేం పడేయలేదు కదండి" అంది. నేను రెండోసారి అడిగితే మాట మార్చింది. డబ్బిచ్చి తప్పించుకునే దారి కూడా నాకు మిగల్లేదు.

ఆదివారాలు అయిదింటికి మా ఇంటికొచ్చేది. నేను స్టాండులా నిలబడేవాణ్ణి. మొదటి వారం చేతులు నొప్పెట్టాయి. రెండో వారం, వార్డెను దగ్గర పిల్ల వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఆవిడ మాటల్లో ఒక సంగతి చెప్పింది. వాళ్ళ చర్చిలో పెద్దావిడ ఒకరు, వాగ్దానం కార్డు తీసేశావు గనకే ఫోను పగిలింది, దేవుడు గుర్తుచేశాడు అన్నారట. ఇంకో ఇద్దరు తలూపారట.

"మీరేమన్నారమ్మా?"

"కార్డు పర్సులోనే ఉందండి అన్నాను. పోయింది రబ్బరండి, కార్డు కాదు, రబ్బరు లేక పగిలింది అన్నాను. వాళ్ళకి నచ్చలేదనుకోండి."

నిండు సభలో నేను విడదీయలేని రెండు వస్తువులని ఆవిడ చర్చి మెట్ల మీద, తన వాళ్ళందరి మధ్య, ఒక్కతే నిలబడి విడదీసింది. కార్డుని నమ్ముతూనే విడదీసింది.

తరవాత ఇంకో మాట అంది. మామూలుగా, నా వైపు చూడకుండా. "అయినా మాస్టారు, మీది నాలుగేళ్ళు పడలేదు కదండి. నా చెయ్యే మంచిది కాదండి. పాప అంత భయపడిపోయిందంటే అది నా వల్లేనండి."

దేవుడు శిక్షించాడన్న మాటని ఆవిడ ఎదిరించింది. దాని బదులు నా అబద్ధాన్ని నమ్మి తన్ను తాను శిక్షించుకుంటోంది. అంతలో కాల్ వచ్చింది. నేను ఫోను పట్టుకున్నాను. ఆ పావుగంటలో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆవిడ వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచే, "ఆవిడ చెయ్యి మంచిది కాదటండి?" అంది. అంతే. ఆ వారమంతా నాతో మామూలుగానే మాట్లాడింది, అది ఇంకా కష్టంగా ఉంది.

మూడో ఆదివారం చెప్పాను. ముందే చెబుదామనుకుని, టీ ఇచ్చి, వాతావరణం మాట్లాడి, కాల్ వచ్చేదాకా గడిపేశాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఫోను నా చేతుల్లో, నేను ఫోను వెనక. ఆవిడ నవ్వుతోంది. ఇంకో నిమిషం ఆగితే మళ్ళీ ఆగిపోతానని తెలిసి నోరు తెరిచాను.

"నా ఫోనూ పగిలిందమ్మా. స్కూల్లో మాట్లాడిన రోజుకి మూడు నెలల ముందే. రాజమండ్రిలో బాగుచేయించుకున్నాను. ఒక్క గీత పడలేదన్నది అబద్ధం. గ్లాసు అప్పుడు వేయించిందే. మీ చేతిలో ఏ లోపమూ లేదు."

ఆవిడ చేతులు గాల్లో ఆగిపోయాయి. తెరలో పిల్ల తల్లి మొహం చూసి ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. చూపుడువేలు ఊగింది, నా పేరు. ఆవిడ కాసేపటికి చేతులు కదిపి చెప్పింది. చాలాసేపు చెప్పింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. తరవాత రెండు చేతులతో చకచకా ఏదో అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ అంది. ఫోను వెనకున్న నాకు నేరుగా కనబడేవి తల్లి చేతులు మాత్రమే. పిల్ల చేతుల కోసం మెడ చాచి వంగి చూస్తున్నాను. చూసినా నాకా భాష రాదు. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్లకి భాష ఇప్పించానని చెప్పుకుంటున్నాను, ఒక్క మాట నేర్చుకోలేదు.

"ఏమంటోందమ్మా?"

"అది మా ఇద్దరి మాటండి" అంది.

కాల్ అయిపోయింది. ఆవిడ ఈసారి ఫోను అందుకోలేదు, తుడవలేదు. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నాకు చెప్పారు సరేనండి. ఆ రోజు పిల్లలందరూ విన్నారు కదండి. టీచర్లిద్దరు కూడా కవర్లు తీసేశారండి మీ మాట విని. వాళ్ళకి చెప్పండి."

చెబుతానన్నాను. హెడ్మాస్టరు గారిని అడిగి, సోమవారం ఉదయం ప్రేయర్‌కి వెళ్ళాను. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ఆవిడ పంపు దగ్గర బిందెలు నింపుతోంది. నేను కోడిగుడ్డు తీసుకెళ్ళాను, దుప్పటి తీసుకెళ్ళాను. విసిరి చూపించాను. కవరు తాయెత్తు కాదని, నేను పొరబడ్డానని, శాస్త్రం తెలిసినవాడు కూడా పొరబడతాడని, పొరపాటు ఒప్పుకోవడమే శాస్త్రమని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచర్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు నా వినయాన్ని మెచ్చుకున్నారు.

పొరబడ్డానన్నాను. అబద్ధం చెప్పానని అనలేదు. అనాలనే వెళ్ళాను. చప్పట్లు మొదలయ్యేసరికి, ఇది చాల్లే అనిపించింది. పొరబడ్డ హేతువాదికి గౌరవం పెరుగుతుంది. పగిలిన ఫోను దాచుకుని, పగల్లేదని పసిపిల్లల ముందు చెప్పిన మనిషికి ఏం మిగులుతుంది? ఫలించనిదాన్ని దాచేవాణ్ణి ఏమనాలో నేనే అందరికీ నేర్పాను.

గేటు దగ్గర ఆవిడ ఎదురొచ్చింది. "మొత్తం చెప్పలేదండి" అంది.

"చెప్పలేదమ్మా."

హెడ్మాస్టరు గారిని మరోసారి అవకాశం ఇమ్మని అడిగాను. అయిపోయింది కదా సార్, ఇంత చిన్న విషయానికి మళ్ళీ ఎందుకన్నారు. నేను పట్టుబట్టలేదు. పట్టుబట్టడం నా వృత్తి. జ్యోతిష్కులతో, పూజారులతో, పాస్టర్లతో పట్టుబట్టాను. ఇక్కడ మాత్రం సరేనని వచ్చేశాను. ఇంటికొచ్చి, దాని బదులు ఇది రాయడం మొదలుపెట్టాను. రాతలో ఏదీ దాచలేదు, ఇదైనా నిజాయితీగా చేశాననుకున్నాను.

అచ్చుకి పంపేముందు ఆవిడకి చూపించడం న్యాయం. నిన్న సాయంత్రం స్కూలు వదిలాక వచ్చి, మా వరండాలో కూర్చుని చదివింది. మెల్లగా, వేలు పెట్టి, అన్ని కాగితాలూ చదివింది. మా ఆవిడ పక్కన కూర్చుంది. నేను నిలబడ్డాను. చదివి, కాగితాలు సర్ది, ఒడిలో పెట్టుకుంది.

"ఇది మా స్కూలు పిల్లలు చదువుతారాండి?"

ఇది పెద్దవాళ్ళు చదివే పత్రికని, పిల్లలకి చేరదని నాకు తెలుసు.

"చదవరమ్మా" అన్నాను.

"మరి?" అంది.

మా ఆవిడ లేచి, లోపలికెళ్ళి, నా చెప్పులు తెచ్చి మెట్టు మీద పెట్టింది. హెడ్మాస్టరు గారి ఇల్లు రెండు వీధుల అవతల. ఒడిలోని కాగితాలు పక్కన పెట్టి ఆవిడ ముందు నడిచింది, నేను వెనక.